బగారా అన్నం తర్వాత జామ–ఆపిల్ క్రంబుల్: ఎలా చేయాలి

డిసెంబర్ 10 దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. కాజీపేటలో మా వీధివాళ్లు, హన్మకొండలో మా చెల్లె స్నేహితులు, ఎవరు చేసినా అడిగేది ఒకటే. "అక్కా, కేకు పొంగట్లేదు. ఓటీజీ ఓవెన్ కొని పెట్టుకున్నాం, క్రిస్మస్ రోజు దాంట్లో ఏదో ఒకటి చేయాలి. చెడిపోనిది ఏదన్నా చెప్పు." నేను చెప్పేది కూడా ఒకటే: క్రంబుల్ చేయండి. ప్రతిసారీ ఫోన్లో కొలతలు చెప్పి నోరు నొప్పి పుడుతోంది కాబట్టి ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను.

క్రంబుల్ అంటే కింద మెత్తగా ఉడికిన పండ్ల ముక్కలు, పైన మైదా, వెన్న, చక్కెర కలిపి కాల్చిన కరకరలాడే పలుకులు. అంతే. పొంగాల్సిన పని లేదు, గుడ్డు లేదు, బీటర్ లేదు. ఇంగ్లండ్ ఇళ్లలో వంట ఇది. రెండో ప్రపంచయుద్ధం నాడు అక్కడ వెన్న, చక్కెర రేషన్ మీద ఇచ్చేవాళ్లు. ‘పై’ (pie) అనే వంటకానికైతే పిండి రొట్టెలా ఒత్తి పరవాలి, వెన్న ఎక్కువ పడుతుంది. దాని బదులు పైన పొడి చల్లి కాల్చడం అప్పుడే బాగా వాడుకలోకి వచ్చిందంటారు. అక్కడ పుల్లటి వంట ఆపిల్‌తో చేస్తారు. మనకు ఆ పులుపు దొరకదు కాబట్టి నేను నిమ్మరసం, జామ వాడతాను. మన ఆపిల్‌కు లేని వాసన జామ ఇస్తుంది.

ఒక్క మాట ముందే చెప్తాను, మిగతాదంతా దాని చుట్టే ఉంటుంది. ఇందులో తడి కిందే ఉండాలి, పైకి రాకూడదు. చెడిపోయిందని నాకు ఫోన్ చేసినవాళ్లలో దాదాపు అందరిదీ నీళ్ల గొడవే.

కావలసినవి (6 నుంచి 8 మందికి, 8 అంగుళాల గిన్నె)

పండ్లకు:
- ఆపిల్ 4, మధ్యరకం (సుమారు 600 గ్రాములు)
- జామపండ్లు 2 పెద్దవి, దోరవి
- చక్కెర 4 పెద్ద చెంచాలు
- నిమ్మరసం 1 పెద్ద చెంచా
- కార్న్‌ఫ్లోర్ 1 పెద్ద చెంచా
- దాల్చినచెక్క పొడి అర టీస్పూన్, 2 లవంగాలు దంచినవి

పైన పలుకులకు:
- మైదా 1 కప్పు (125 గ్రాములు)
- ఓట్స్ పావు కప్పు (25 గ్రాములు)
- చక్కెర మూడో వంతు కప్పు (65 గ్రాములు)
- చల్లటి వెన్న 75 గ్రాములు
- వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు లేదా జీడిపప్పు 2 పెద్ద చెంచాలు

పెద్ద చెంచా అంటే 15 మిల్లీలీటర్లది, కప్పు అంటే 240 మిల్లీలీటర్లది. టీ తాగే కప్పు కాదు! అమూల్ వెన్న 100 గ్రాముల ప్యాకెట్ తెచ్చుకుంటే అందులో ముప్పావు సరిపోతుంది. అది ఉప్పు వెన్న కాబట్టి వేరే ఉప్పు వేయకండి. ఉప్పు లేని వెన్న అయితే పిండిలో రెండు చిటికెలు వేయండి. ఉప్పు లేకపోతే పైభాగం చప్పగా, ఉత్త తీపిగా ఉంటుంది.

జామ ఎంచుకునేటప్పుడు బండి దగ్గర తొందరపడకండి. వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి, గుంట పడకూడదు. పూర్తిగా మగ్గినది ఓవెన్‌లో జామ్ అయిపోతుంది. పచ్చిది ఎంత కాల్చినా నమలాల్సి వస్తుంది. ఆపిల్ గట్టిగా ఉండాలి. వారం నుంచి ఫ్రిజ్‌లో పడి పిండిపిండిగా అయినవి ఇక్కడ వాడేద్దాం అనుకుంటారు కొందరు. వాటితో ముక్క నిలవదు, జ్యూస్ చేసుకోండి.

ఇక గిన్నె. గాజు బేకింగ్ గిన్నె, అల్యూమినియం కేకు గిన్నె, అడుగు మందమున్న స్టీలు గిన్నె, ఏదైనా సరే. లోతు రెండు అంగుళాలు ఉంటే చాలు. మన ఇళ్లలో ఉండే లోతైన గంజు లాంటిది వద్దు. పండ్ల ఆవిరి పైకి పోయే దారి లేక పలుకులు మెత్తబడతాయి.

చేసే విధానం

1. ముందు పైపొడి చేయండి, పండ్లు కాదు. మైదా, ఓట్స్, చక్కెర వెడల్పు గిన్నెలో కలపండి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్నను చిన్న చిన్న ముక్కలు కోసి వేయండి. ఇప్పుడు వేళ్ల కొనలతో మాత్రమే, వెన్న ముక్కను పిండిలో రుద్దుతూ విడదీయండి. అరచెయ్యి తగలకూడదు. అరచేతి వేడికి వెన్న కరిగి పిండి ముద్దవుతుంది.

ఇక్కడే మనవాళ్ల చేతులు మాట వినవు. పిండి, వెన్న కనబడగానే చపాతీ పిండిలా పిసికేస్తారు. పిసికితే అది బిస్కెట్ పిండి, క్రంబుల్ కాదు. ఎక్కడ ఆపాలో తెలియాలంటే సద్దుల బతుకమ్మ నాటి మలీద గుర్తు తెచ్చుకోండి. రొట్టె నలిపి, బెల్లం నెయ్యి కలిపి, ఇంకా ముద్దలు కట్టకముందు ఎలా ఉంటుందో అలా ఉండాలి. గుప్పెట్లో నొక్కితే ముద్ద కట్టాలి, బొటనవేలితో తోస్తే విడిపోవాలి. నొక్కినా ముద్ద కట్టకపోతే ఒక చెంచా వెన్న రుద్దండి. అప్పటికే ముద్దైపోతే ఇంకో రెండు చెంచాల మైదా చల్లి, గిన్నెను 10 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత ఫోర్క్‌తో విడగొట్టండి.

చివర్లో పల్లీలు కలిపి, అక్కడక్కడ గుప్పెట్లో నొక్కి బఠాణీ గింజంత, శనగగింజంత గడ్డలు చేయండి. కొన్ని గడ్డలు, కొంత పొడి కలిసి ఉండాలి. అంతా సన్నపొడిగా ఉంటే కాలిన తర్వాత ఇసుకలా తగులుతుంది. మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి.

2. ఆపిల్ చెక్కు తీసి, గింజల భాగం తీసేసి, అంగుళం కన్నా కొంచెం చిన్న ముక్కలు కోయండి. జామను నాలుగు చెక్కలు చేసి, గింజలున్న మధ్యభాగాన్ని చెంచాతో గీరేయండి. గట్టి కండ మాత్రమే ముక్కలుగా కోయాలి. గింజలు వదిలేస్తే పండుగ పూట ఇంట్లో పెద్దవాళ్ల పళ్లు మీకు శాపనార్థాలు పెడతాయి. గీరిన గుజ్జు పారేయకండి, జల్లెడలో రుద్ది ఆ చిక్కటి రసాన్ని పండ్లలోనే కలపండి. జామ వాసన ఎక్కువ దాంట్లోనే ఉంటుంది.

కోసిన వెంటనే నిమ్మరసం కలపాలి. ముక్కలు నల్లబడకుండా ఉండటం ఒకటి, తీపిని విరవడం ఇంకొకటి.

3. వెడల్పు కడాయిలో ఆపిల్ ముక్కలు, చక్కెర, దాల్చిన పొడి, లవంగాల పొడి వేసి మధ్యస్థ మంట మీద 5 నిమిషాలు మూత లేకుండా ఉడికించండి. నీళ్లు పోయకండి, పండే నీళ్లు వదులుతుంది. జామ వేసి ఇంకో 2 నిమిషాలు. కార్న్‌ఫ్లోర్‌ను రెండు చెంచాల చల్లటి నీళ్లలో కలిపి పోసి, ఒక నిమిషం తిప్పితే రసం చిక్కబడి ముక్కలకు పట్టుకుంటుంది. ముక్క అప్పటికి సగమే ఉడికి ఉండాలి. చాకు గుచ్చితే కొంచెం బిగువు తెలియాలి.

చాలా వంటపుస్తకాల్లో ఈ మెట్టు ఉండదు, పచ్చి ముక్కలే గిన్నెలో వేసి కాల్చమంటారు. వాళ్ల వంట ఆపిల్ త్వరగా మెత్తబడుతుంది. మనకు దొరికేవి తినే ఆపిల్స్. పచ్చిగా పెడితే పైన మాడే సమయానికి లోపల ఇంకా కటుక్కుమంటాయి. ఎనిమిది నిమిషాల పని, దాటేయకండి.

4. పండ్లను గిన్నెలోకి మార్చి పూర్తిగా చల్లారనివ్వండి. పూర్తిగా అంటే గిన్నె అడుగు పట్టుకుంటే వెచ్చదనం తెలియకూడదు. వేడి పండ్ల మీద పొడి చల్లితే వెన్న అక్కడికక్కడే కరిగి, పొడి రసంలోకి దిగిపోతుంది. నేను మొదటిసారి చేసిన తప్పు ఇదే. చర్చి నుంచి వచ్చి హడావిడిలో వేడివేడిగా చల్లి ఓవెన్‌లో తోశాను. బయటికి తీస్తే మా అత్తమ్మ చెంచాతో కదిపి చూసి, "తీపి ఉప్మా చేసినవా బిడ్డా?" అంది. తిన్నారు, పాపం, అందరూ తిన్నారు.

5. ఓటీజీని 180 డిగ్రీల మీద, పైరాడ్ కిందిరాడ్ రెండూ వేసి 15 నిమిషాలు ముందే వేడి చేయండి. మైక్రోవేవ్ ఓవెన్ అయితే కన్వెక్షన్ మోడ్‌లో మాత్రమే. మామూలు మైక్రోవేవ్ మోడ్ పైభాగాన్ని కాల్చదు, ఉడికిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజు గిన్నెను నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగిలే ప్రమాదం ఉంది. అరగంట బయట ఉంచి పెట్టండి.

6. ఫ్రిజ్‌లోని పొడిని పండ్ల మీద చేత్తో వదులుగా చల్లండి. నొక్కకండి, గరిటెతో చదును చేయకండి. మధ్యలో కన్నా అంచుల దగ్గర కొంచెం ఎక్కువ పడాలి, ఎందుకంటే రసం ఎక్కేది అంచుల నుంచే. గిన్నె పైఅంచుకు అర అంగుళం ఖాళీ ఉంచండి. కింద ఒక ట్రే పెడితే పొంగి కారిన పాకం ఓవెన్ అడుగున మాడదు. దాన్ని తర్వాత గీరడం కన్నా ట్రే కడగడం నయం.

7. మధ్య అరలో 35 నుంచి 40 నిమిషాలు కాల్చండి. 25 నిమిషాల దాకా తలుపు తీయొద్దు. తర్వాత ఒకసారి చూసి, ఒక పక్కే రంగు వస్తుంటే గిన్నెను తిప్పి పెట్టండి.

8. బయటికి తీశాక 20 నిమిషాలు ఆగండి. టెన్షన్ పడి వెంటనే వడ్డిస్తే రసం నీళ్లలా పారుతుంది. ఆగితే అదే రసం పాకంలా చిక్కబడుతుంది. పైగా అప్పుడే తీసిన పండ్ల రసం నాలుకను గట్టిగా కాలుస్తుంది, పిల్లలకు అసలు పెట్టకండి.

అయిందని ఎలా తెలుస్తుంది

రంగు చూసి తీసేయడమే అందరూ చేసే పొరపాటు. చిన్న ఓటీజీల్లో పైరాడ్ గిన్నెకు దగ్గరగా ఉంటుంది కాబట్టి 20 నిమిషాలకే పైన బంగారు రంగు వచ్చేస్తుంది, లోపల ఏమీ అయి ఉండదు. అసలు గుర్తు అంచుల దగ్గర ఉంటుంది. పండ్ల రసం పలుకుల సందుల్లోంచి తుకతుక ఉడుకుతూ కనిపించాలి. నురుగులా పలచటి బుడగలు కాదు, పాకం ఉడికినట్టు బరువుగా, నెమ్మదిగా పగిలే బుడగలు. కార్న్‌ఫ్లోర్ పని పూర్తయిందనడానికి అదే గుర్తు.

రెండో పరీక్ష, మధ్యలో చాకు దించడం. అడ్డం లేకుండా దిగాలి. మూడోది నాకు ఇష్టమైనది: చెంచా వెనకతో పైన మెల్లగా తట్టండి. సకినం మీద తట్టినట్టు పొడి చప్పుడు రావాలి. మెత్తగా, చప్పుడు లేకుండా ఉంటే ఇంకో 5 నిమిషాలు.

రంగు వచ్చి బుడగలు రాకపోతే పైన అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పి, గిన్నెను కింది అరలోకి దించి 10 నిమిషాలు ఉంచండి. బుడగలు వచ్చి రంగు రాకపోతే చివరి 4–5 నిమిషాలు పైరాడ్ ఒక్కటే వేయండి. అప్పుడు మాత్రం ఓవెన్ దగ్గర్నుంచి కదలొద్దు. ఆ నాలుగు నిమిషాల్లోనే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, ఎత్తకండి.

ఓవెన్ లేకపోతే

పాత కుక్కర్‌లో ఉప్పు పోసి కాల్చొచ్చా అని అడుగుతారు. కేకుకు అది పనికొస్తుంది, దీనికి అంతగా పనికిరాదు. మూత కింద ఆవిరి నిలిచి పలుకులు మెత్తబడతాయి, పైన రంగూ రాదు. దాని బదులు పొయ్యి మీదే పండ్లు, పైపొడి విడివిడిగా చేయండి. పండ్లను మూడో మెట్టులోలాగే, ఇంకో 6–7 నిమిషాలు ఎక్కువ, పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించండి. పైపొడిని అడుగు మందమున్న కడాయిలో సన్నమంట మీద, గడ్డలు చితక్కుండా మెల్లగా కదుపుతూ 12 నుంచి 15 నిమిషాలు దోరగా వేయించండి. పచ్చిపిండి వాసన పోయి కమ్మటి బిస్కెట్ వాసన రావాలి. పళ్లెంలో పరిచి ఆరబెడితే అప్పుడు కరకరలాడుతుంది, కడాయిలో ఉండగా మెత్తగానే ఉంటుంది కాబట్టి కంగారుపడి మాడ్చేయకండి. వడ్డించేటప్పుడే పండ్ల మీద చల్లాలి. నిజం చెప్పాలంటే ఓవెన్ రుచి దీనికి రాదు, కానీ బానే ఉంటుంది. కరెంటు పోయిన ఒక క్రిస్మస్ నాడు ఇలాగే గట్టెక్కాను.

మార్పులు చేయాలనుకుంటే

వెన్న బదులు నెయ్యి వాడొచ్చు, కానీ 60 గ్రాములే. వెన్నలో కొంత నీరు ఉంటుంది, నెయ్యిలో ఉండదు. పేరుకున్న నెయ్యి కావాలి. డిసెంబర్ చలికి మన దగ్గర డబ్బాలో అదే పేరుకుంటుంది, లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. కరిగిన నెయ్యి పోస్తే మళ్లీ మొదటికొస్తుంది కథ.

మైదాలో సగం జొన్నపిండి వేస్తే నాకు ఇంకా నచ్చుతుంది. పలుకులు మరింత గుల్లగా వస్తాయి, కొద్దిగా మట్టి వాసన లాంటి కమ్మదనం ఉంటుంది. మొత్తం జొన్నపిండే అయితే గడ్డ కట్టదు. గోధుమపిండి సగందాకా పర్వాలేదు.

చక్కెర బదులు బెల్లం పండ్లలో హాయిగా వేయండి, పైపొడిలో మాత్రం సగానికి మించి వద్దు. బెల్లానికి తడి ఎక్కువ, పొడి జిగురుగా మారి త్వరగా నల్లబడుతుంది. బెల్లం వేస్తే షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చు కదా అనకండి, బెల్లమూ చక్కెరే.

పండ్ల సంగతి. అనాస బాగుంటుంది, కానీ నీళ్ల కుండ. పది నిమిషాలు ఉడికించి రసం ఇగిరాకే వాడాలి, కార్న్‌ఫ్లోర్ రెండు చెంచాలు వేయాలి. వేసవి పండుగలకైతే బంగినపల్లి మామిడి, అదీ గట్టిగా ఉన్నప్పుడే, ముందు ఉడికించకుండా. అరటిపండు ఖర్జూరంతో కలిపి చేయొచ్చు, మరీ తీపి అవుతుంది కాబట్టి పండ్లలో చక్కెర మానేయండి. బొప్పాయి నాకు నచ్చలేదు. సీతాఫలం వేడికి రుచి చెడుతుంది, దాన్ని అలాగే తినండి. పుచ్చకాయతో చేయొచ్చా అని ఒకరు అడిగారు. వద్దు.

పండుగ రోజు ఎప్పుడేం చేయాలి

24 రాత్రి చర్చి ఆరాధన నుంచి ఇంటికి వచ్చేసరికి ఎవరికీ ఓపిక ఉండదు. అందుకే పైపొడి 22నో 23నో చేసి డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టేయండి. నెల రోజులైనా ఉంటుంది, కరిగించకుండా గడ్డగట్టినది గడ్డగట్టినట్టే చల్లొచ్చు. పండ్లు 24 సాయంత్రం ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టండి. రెండూ కలిపి మాత్రం రాత్రంతా ఉంచకండి, పొద్దునకి పొడి తడి పీల్చేసుకుంటుంది.

25న భోజనం ఒంటిగంటన్నరకి అనుకుంటే, 12 గంటలకు పండ్ల గిన్నె ఫ్రిజ్‌లోంచి తీయండి. 12:45కి పొడి చల్లి ఓవెన్‌లో పెట్టండి. అందరూ బగారా అన్నం, మటన్ కూర మీద ఉండగా క్రంబుల్ పక్కన చల్లారుతూ ఉంటుంది. ఆ దాల్చినచెక్క వాసనకు రెండోసారి అన్నం వడ్డించుకునేవాళ్లు కొంచెం తగ్గించుకుంటారు. మటన్ కూడా మిగులుతుంది.

పక్కన కస్టర్డ్ పెట్టండి. అర లీటరు పాలకు 2 పెద్ద చెంచాల కస్టర్డ్ పౌడర్, 3 చెంచాల చక్కెర. పౌడర్‌ను చల్లటి పాలలోనే కలపాలి, వేడి పాలలో వేస్తే ఉండలు కడుతుంది. వెనిల్లా ఐస్‌క్రీమ్ కూడా బాగుంటుంది. ఏదైనా సరే, గిన్నె మొత్తం మీద పోసేయకండి, ఎవరి కప్పులో వాళ్లు పోసుకోవాలి.

పక్కింటివాళ్లకు పంపేటప్పుడు ఒక జాగ్రత్త. వేడిగా ఉండగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే వాళ్ల ఇల్లు చేరేసరికి పైన ముద్ద ముద్ద. పూర్తిగా చల్లారాక పెట్టండి, లేదా పండ్లు ఒక గిన్నెలో, కాల్చిన పలుకులు కాగితం పొట్లంలో వేరుగా పంపండి. గుడ్డు తినని ఇళ్లకు కేకు పంపాలంటే మొహమాటం ఉంటుంది కదా, దీనికి ఆ ఇబ్బంది లేదు. కస్టర్డ్ పౌడర్ డబ్బా మీద మాత్రం ఒకసారి చదివి చూడండి. మామూలుగా మన దగ్గర దొరికేవి కార్న్‌ఫ్లోర్‌తో చేసినవే.

మిగిలితే ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే పైభాగం తడి చాపలా అవుతుంది, 160 డిగ్రీల ఓవెన్‌లో 10 నిమిషాలు పెడితే మళ్లీ కరకర వస్తుంది. మా ఇంట్లో అంతదూరం పోదు. 26 పొద్దున లేచేసరికి మా ఆయన ఫ్రిజ్ తలుపు తెరిచి నిలబడి, చల్లటిదే గడ్డపెరుగుతో కలుపుకుని తింటుంటాడు.